రెండు రోజులు కరెంటు రాకపోతే: ఇన్వర్టరు, బ్యాటరీ ఎంతలో పెట్టుకోవాలి

మీరు అడిగింది ఇది: ఇందుకూరుపేట వైపు ఇల్లు. నాన్నగారికి షుగరు, ఆయాసం. ఇన్సులిన్ ఫ్రిజ్‌లో ఉండాలి, రాత్రిళ్ళు అప్పుడప్పుడూ నెబ్యులైజర్ పెట్టాలి. మామూలు రోజుల్లో గంటో రెండు గంటలో పోయే కరెంటు, తుఫాను పడితే రెండు రోజులకు గానీ రాదు. షాపులో 1450 వీఏ (ఎంత లోడు మోస్తుందో చెప్పే అంకె) ఇన్వర్టరు, 150 ఏహెచ్ (ఎంత కరెంటు నిల్వ ఉంటుందో చెప్పే అంకె) బ్యాటరీలు రెండు పెట్టుకోమన్నారు. అది సరైన లెక్కేనా, ఫ్రిజ్, మోటారు కూడా దాని మీద నడుస్తాయా?

నేను కావలిలో ఇన్వర్టర్లు, ఇంటి వైరింగు పని చేస్తాను. ఇటు నెల్లూరు, అటు ఉలవపాడు, సింగరాయకొండ దాకా తిరుగుతాను. నా సలహా ఏందంటే, రెండో బ్యాటరీకి పెట్టే డబ్బు ముందు ఫ్యాన్లకు పెట్టండి. ఎందుకో లెక్కతోనే చెప్తాను, మీరే వేసి చూసుకోవచ్చు.

150 ఏహెచ్ బ్యాటరీ అంటే 12 వోల్టుల మీద 1800 వాట్ అవర్లు. ఇది కాగితం మీద మాట. ఆ 150 అన్న అంకె, 20 గంటల పాటు నిదానంగా ఏడున్నర ఆంపియర్ల చొప్పున వాడితే వచ్చేది. ఎక్కువ లోడు వేసి గబగబా లాగితే అదే బ్యాటరీ 115, 120 కంటే ఇవ్వదు. ఇది కాక ఇన్వర్టరు బ్యాటరీ కరెంటును 230 వోల్టులుగా మార్చేటప్పుడు నూటికి పదిహేను దాకా వేడి కింద పోతుంది.

ఇప్పుడు మీ ఇల్లు చూద్దాం. పాత ఫ్యాన్లు మూడు, ఒక్కోటి 75 వాట్లు, మొత్తం 225. ఎల్ఈడీ బల్బులు అయిదు, 45. వైఫై పెట్టె 10. అంతా కలిపి 280 వాట్లు. బ్యాటరీ నుంచి లాగేది 330 వాట్ల దాకా ఉంటుంది, అంటే 27 ఆంపియర్లు. ఒక్క బ్యాటరీతో నాలుగు గంటల పైచిలుకు వస్తుంది. అదే ఫ్యాన్లు బీఎల్‌డీసీవి, అంటే తక్కువ కరెంటు తినే కొత్త రకం మోటారువి పెట్టారనుకోండి, ఒక్కోటి 30 వాట్ల చుట్టుపక్కల తీసుకుంటుంది. మొత్తం లోడు 145కి దిగుతుంది, బ్యాటరీ మీద 14 ఆంపియర్లే పడతాయి. అదే బ్యాటరీ తొమ్మిది గంటలు దాటి లాగుతుంది. నిదానంగా వాడుతున్నారు కాబట్టి దాని సామర్థ్యం కూడా కాస్త ఎక్కువే బయటికి వస్తుంది. రెండో బ్యాటరీ కొన్నా ఇంతకంటే మరీ ఎక్కువేం రాదు. పైగా దానికి నీళ్ళు పోయాలి, అయిదారేళ్ళకు మార్చాలి. ఫ్యాన్లయితే కరెంటు ఉన్న రోజుల్లో కూడా బిల్లు తగ్గిస్తాయి.

షాపువాళ్ళను తప్పు పట్టడం లేదు. మీరు వెళ్ళి "తుఫాన్లో రెండు రోజులు రావాలి" అంటే వాళ్ళు పెద్దదే చూపిస్తారు. కానీ తుఫాను లెక్క వేరు, రోజువారీ కోత లెక్క వేరు.

తుఫాను రోజుల్లో ఇంట్లో లోడు ఎంతుంటుంది? అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు పడే వానల్లో ఉక్కపోత ఉండదు, ఫ్యాను గాలికంటే దోమల కోసమే వేస్తాం. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ తుఫానప్పుడు మన వైపు అంతకు రెండు రోజుల ముందు నుంచే వాన. ఆ చలిగాలిలో ఎవరూ మూడు ఫ్యాన్లు వేసుకోలేదు. ఒక ఫ్యాను, రెండు బల్బులు, సెల్ చార్జింగు, అంతే. 60 వాట్లు. దీనికి ఇన్వర్టరు తన కోసం తాను తినే కరెంటు కలపాలి. లోడేమీ లేకపోయినా ఆన్‌లో ఉంటే ఆంపియరు, ఆంపియరున్నర లాగుతూనే ఉంటుంది. అన్నీ కలిపి ఏడు ఆంపియర్ల చుట్టూ వస్తుంది. అంటే ఒక్క బ్యాటరీ 18 నుంచి 20 గంటలు. పగలు ఇన్వర్టరు ముందువైపు ఉన్న స్విచ్ నొక్కి దాన్ని పూర్తిగా ఆపేసి, చీకటి పడ్డాక పదింటి దాకా బల్బులు, ఆ తర్వాత ఒక్క ఫ్యానుతో నడిపితే రెండు రాత్రులు దాటుతాయి. చాలామంది పగలు ఆపరు. సాయంత్రానికి ఖాళీ ఇన్వర్టరే పదో వంతు బ్యాటరీ తినేసి ఉంటుంది.

నెబ్యులైజర్ గురించి భయం వద్దు. ఇళ్ళలో వాడేది వంద, నూటయాభై వాట్లది, పెట్టేది పది నిమిషాలు. గాలి నుంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే కాన్సంట్రేటర్ అయితే కథ వేరు, అయిదు లీటర్లది 300 వాట్లు దాటి గంటల తరబడి లాగుతుంది. ఆ అవసరం ఎప్పుడైనా వస్తే ఈ లెక్కంతా మళ్ళీ వేసుకోవాలి, సిలిండర్ కూడా పక్కన ఉండాలి.

ఫ్రిజ్ సంగతి. సింగిల్ డోర్ ఫ్రిజ్ నడిచేటప్పుడు వంద వాట్ల పైచిలుకే. కానీ కంప్రెసర్ మొదలయ్యే క్షణంలో దానికి ఎన్నో రెట్లు లాగుతుంది. ఆ దెబ్బకు చిన్న ఇన్వర్టరు ఓవర్‌లోడ్ అని ఆగిపోతుంది. ఇన్వర్టర్ కంప్రెసర్ ఉన్న కొత్త ఫ్రిజ్‌లు మెల్లగా మొదలవుతాయి కాబట్టి 900 వీఏ మీద కూడా ఇబ్బంది ఉండదు. మీది పాతదైతే 1100 వీఏ తీసుకోండి. ఎట్టాగైనా రోజంతా నడపక్కర్లేదు. తలుపు తీయకుండా ఉంచితే నాలుగు గంటలు చల్లదనం నిలుస్తుంది. పొద్దున గంట, సాయంత్రం గంట నడిపితే లోపల కొంతవరకు చల్లగా ఉంటుంది. వాడుతున్న ఇన్సులిన్ పెన్ను ఫ్రిజ్ బయట గది చల్లదనంలో కొన్ని వారాలు ఉంటుంది. ఎన్నాళ్ళన్నది మీ మందు పెట్టె మీద చూసి, డాక్టరుగారిని ఒక మాట అడగండి. వానల్లో మట్టికుండ చల్లదనం కూడా దానికి చాలు.

మోటారు వద్దు. ఒక హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ నడిచేటప్పుడే కిలోవాటు దాటుతుంది, మొదలయ్యేటప్పుడు దాని జోలికి ఇంటి ఇన్వర్టరు పోకూడదు. హెచ్చరిక వినగానే ట్యాంకు నింపి, ఇంట్లో ఉన్న డ్రమ్ములు, బిందెలు నింపేయండి. మిక్సీ, ఐరన్ బాక్సు, గీజరు కూడా అంతే. ఆ బోర్డులకు ఇన్వర్టరు లైను ఇవ్వనే ఇవ్వకండి. ఇస్తే ఎవరో ఒకరు నొక్కుతారు.

కాబట్టి మీకు సరిపోయేది: 12 వోల్టుల మీద నడిచే 900 లేదా 1100 వీఏ ప్యూర్ సైన్ వేవ్ (వీధి కరెంటు లాగే సాఫీగా ఇచ్చే) ఇన్వర్టరు, 150 ఏహెచ్ టాల్ ట్యూబులర్ బ్యాటరీ ఒకటి, బీఎల్‌డీసీ ఫ్యాన్లు మూడు. వీఏ అన్నది వాట్లు కాదు. 900 వీఏ అంటే వాట్లలో 700 చిల్లర. స్క్వేర్ వేవ్ ఇన్వర్టరు కొంచెం తక్కువకు దొరుకుతుంది, తీసుకోకండి. ఫ్యాను గుయ్యిమని మోగుతుంది, ఫ్రిజ్ కంప్రెసర్ వేడెక్కుతుంది. కారు బ్యాటరీ ఉంటే దాన్నే పెట్టేద్దాం అనేవాళ్ళూ ఉన్నారు. ఇంజను స్టార్టు చెయ్యడానికి ఒక్క క్షణం గట్టిగా కరెంటు ఇచ్చేందుకు పల్చటి ప్లేట్లతో చేసింది అది. మాటిమాటికీ పూర్తిగా దించితే త్వరగా పనికిరాకుండా పోతుంది.

లిథియం గురించి కూడా అడుగుతారు, ఇప్పుడు అందరూ అడుగుతున్నారు. ఫాస్ఫేట్ రకం లిథియం బ్యాటరీ మంచిదే. 100 ఏహెచ్‌ది 1280 వాట్ అవర్లు, అందులో దాదాపు అంతా వాడుకోవచ్చు. నీళ్ళు పోసే పని లేదు, తొందరగా చార్జ్ అవుతుంది, బరువు తక్కువ. కాకపోతే మీ ఇన్వర్టరులో లిథియం సెట్టింగు ఉండాలి. పాత ఇన్వర్టరుకు తగిలిస్తే, లెడ్ యాసిడ్ కోసం అది పెంచే వోల్టేజీకి లోపలి రక్షణ బోర్డు చార్జింగు ఆపేస్తుంది. చేతిలో డబ్బు ఉంటే లిథియానికి వెళ్ళండి, లేకపోతే ట్యూబులర్‌తో ఏ నష్టమూ లేదు.

పల్లెటూళ్ళలో నాకు ఎక్కువగా వచ్చే ఫిర్యాదు వేరే ఉంది. "కరెంటు పోనే లేదు, అయినా బ్యాటరీ అయిపోతా ఉందబ్బయా" అంటారు. వెళ్ళి చూస్తే లైను చివర ఇల్లు, ట్రాన్స్‌ఫార్మర్ దూరం. సాయంత్రం ఏడు దాటాక వోల్టేజీ 170కి దిగుతుంది. ఇన్వర్టరు వెనకాల చిన్న స్విచ్ ఉంటుంది, ఒక వైపు యూపీఎస్, రెండో వైపు ఇన్వర్టరు లేదా వైడ్ రేంజ్ అని రాసి ఉంటుంది. యూపీఎస్ వైపు ఉంటే 180కి తక్కువ వస్తే కరెంటు లేనట్టే లెక్క, బ్యాటరీ మీదికి దూకుతుంది. రాత్రంతా ఇట్టా అటూ ఇటూ గెంతుతూ తెల్లారేసరికి బ్యాటరీ చచ్చిపోయి ఉంటుంది. కరెంటు ఉంది గనక బల్బులు మామూలుగానే వెలుగుతుంటాయి, ఎవరికీ తెలియదు. ఆ స్విచ్ వైడ్ వైపు తిప్పితే 100 వోల్టుల దాకా తట్టుకుంటుంది, ఆ తక్కువ వోల్టేజీలోనే చార్జింగు కూడా జరుగుతుంది. డెస్క్‌టాప్ కంప్యూటరు ఉన్నవాళ్ళకే యూపీఎస్ వైపు అవసరం. మీ ఊరు నెల్లూరు జిల్లా కాబట్టి తిరుపతి కరెంటు కంపెనీ ఎస్పీడీసీఎల్ కిందికి వస్తుంది, ఒంగోలు వైపయితే విజయవాడ సీపీడీసీఎల్. రెండింటికీ ఫిర్యాదు నంబరు 1912. లో వోల్టేజీ రోజూ ఉంటే అక్కడ రాయించండి.

ఇక వైరింగు. ఇన్వర్టరు బాగుండి, బ్యాటరీ బాగుండి, ఇల్లు చెడేది ఇక్కడే. చేయాల్సింది ఇంతే: డీబీలో (ఇంటి స్విచ్‌ల పెట్టెలో) 6 ఆంపియర్ల ఎంసీబీ, అంటే లోడు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్ నుంచి ఇన్వర్టరుకు ఇన్‌పుట్, ఇన్వర్టరు అవుట్‌పుట్ నుంచి కొత్త ఫేజ్ వైరు ఒకటి, మీరు ఎంచుకున్న బోర్డులకు. ఆ బోర్డుల్లో ఏ స్విచ్‌కు ఇన్వర్టరు ఫేజ్ ఇస్తున్నారో, ఆ స్విచ్ నుంచి పాత మెయిన్ ఫేజ్ పూర్తిగా తీసేయాలి. తొందర పనివాళ్ళు తీయరు, లూపులో ఎక్కడో ఒకచోట రెండూ కలిసి ఉంటాయి. అప్పుడు కరెంటు పోగానే ఇన్వర్టరు మీ ఇంటి ఫ్యాన్లకే కాదు, మెయిన్ దాటి వీధి తీగకు కూడా కరెంటు పంపడానికి చూస్తుంది. తిరిగి కరెంటు రాగానే రెండు ఫేజులూ ఢీకొని ఇన్వర్టరు కాలిపోతుంది.

పని అయ్యాక ఎలక్ట్రీషియన్ ఉండగానే పరీక్ష చేయించుకోండి. మెయిన్ ఎంసీబీ దించి, ఇన్వర్టరు ఆన్ చేసి, బల్బులు వెలిగాక ఆ మెయిన్ ఎంసీబీ కింది పక్క టెస్టరు పెట్టమనండి. టెస్టరులో దీపం వెలిగితే ఎక్కడో కలిసి ఉన్నట్టే, అది విప్పేదాకా డబ్బులు ఇవ్వకండి. ఇంట్లో ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) ఉంటే ఇంకో చిక్కు ఉంది. ఇన్వర్టరు బోర్డుల న్యూట్రల్ ఆర్‌సీసీబీ దాటి వేరే దారిలో తీసుకుంటే అది ఊరికే ట్రిప్ అవుతుంది. విసుగొచ్చి దాన్నే పీకేస్తారు. పీకనివ్వకండి, న్యూట్రల్ సరిచేయించండి.

బ్యాటరీ నుంచి ఇన్వర్టరుకు వెళ్ళే లావు తీగల్ని పొడిగించకండి. 12 వోల్టుల మీద 700 వాట్లు అంటే 60, 70 ఆంపియర్లు పారతాయి. కంపెనీ ఇచ్చిన రాగి తీగ మీటరు లోపే ఉండేది అందుకే. ఇన్వర్టరు హాల్లో, బ్యాటరీ వరండాలో అంటే కుదరదు, రెండూ పక్కపక్కనే. తీగ చివరి లగ్గులు (రింగులు) బిగించేటప్పుడు స్పానర్ రెండు టెర్మినళ్ళకూ ఒకేసారి తగిలితే నిప్పు చిమ్ముతుంది. చేతికి ఉంగరం, కడియం ఉంటే తీసి బిగించాలి.

ఎక్కడ పెట్టాలి? మన వైపు అందరూ మెట్ల కింద పెడతారు, మంచి చోటే, గాలి ఆడితే. చార్జ్ అయ్యేటప్పుడు లెడ్ యాసిడ్ బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వాయువు వస్తుంది. తలుపులు మూసిన బీరువాలోనో, దీపం వెలిగించే పూజగదిలోనో, గ్యాస్ పొయ్యి పక్కనో పెట్టకండి. రెండోది ఎండ. పడమటి గోడకు ఆనుకుని, రేకుల కింద పెడితే రోహిణి కార్తెలో ఆ మూల 45 డిగ్రీలు దాటుతుంది. వేడి పది డిగ్రీలు పెరిగితే బ్యాటరీ ఆయుష్షు దాదాపు సగమవుతుంది. మూడోది వరద. 2021 నవంబరులో పెన్న పొంగి కోవూరు దగ్గర జాతీయ రహదారి కోసుకుపోయినప్పుడు, నెల్లూరులో భగత్‌సింగ్ కాలనీ వైపు ఇళ్ళలోకి నీళ్ళు వచ్చాయి. ఆ చుట్టుపక్కల ట్రాలీ చక్రాల మీద నేలనే ఉన్న బ్యాటరీలు ఎన్ని పోయాయో. మీ ఇంట్లోకి ఎప్పుడైనా నీళ్ళు వచ్చాయా అని పెద్దవాళ్ళను అడిగి, ఆ గుర్తుకు అడుగు పైన దిమ్మె కట్టించి దాని మీద పెట్టండి. యాసిడ్‌తో కలిపి 55, 60 కిలోలుంటుంది, చెక్క బల్ల సరిపోదు. నీళ్ళు లోపలికి వస్తున్నాయంటే ఇన్వర్టరు ఆపి, మెయిన్ దించి, ఆ తర్వాతే బ్యాటరీ తీగ విప్పాలి. నీళ్ళలో నిలబడి మాత్రం ముట్టుకోకూడదు.

మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రపు ఊళ్ళలో టెర్మినళ్ళకు తెల్లటి, పచ్చటి పొక్కు త్వరగా కడుతుంది. ఇన్వర్టరు ఆపి, తీగలు విప్పి, వేడినీళ్ళలో వంటసోడా కలిపి పాత బ్రష్‌తో తోమి, ఆరాక బిగించి పైన వాజలైన్ రాయండి. సోడా నీళ్ళు మూతల్లో నుంచి లోపలికి పోకుండా చూసుకోండి.

నీళ్ళు. డిస్టిల్డ్ వాటరే పోయాలి. ఆర్వో ప్లాంటు క్యాను నీళ్ళు తేటగా ఉన్నాయని పోస్తారు, వాటిలో ఇంకా లవణాలుంటాయి. ఏసీ నుంచి కారే నీళ్ళు పట్టి పోసేవాళ్ళున్నారు, అందులో దుమ్ము, రాగి ఉంటాయి. కనిగిరి, పొదిలి, మార్కాపురం వైపు బోరు నీళ్ళయితే ఇక చెప్పక్కర్లేదు, అక్కడ ఫ్లోరైడుకు మనుషులే ఓర్చుకోలేకపోతున్నారు. యాసిడ్ మాత్రం ఎప్పుడూ పోయకండి, ఆవిరయ్యేది నీళ్ళే, యాసిడ్ లోపలే ఉంటుంది. మూతల మీద తేలే పుల్లలు ఎర్ర గీత దాటి దిగాయేమో వేసవిలో నెలకోసారి, మిగతా కాలం రెండు నెలలకోసారి చూడండి. పచ్చ గీత పైకి నింపితే చార్జింగులో పొంగి నేల పాడవుతుంది.

ఇంట్లో హైడ్రోమీటరు (యాసిడ్ చిక్కదనం కొలిచే గొట్టం) ఒకటి ఉంచుకోమని నేను అందరికీ చెప్తాను, వినేది తక్కువ. పెద్ద ఖర్చు కాదు. రాత్రంతా చార్జ్ అయ్యాక ఒక్కో మూత తీసి యాసిడ్ లాగి చూడండి. ఇంటి ట్యూబులర్ బ్యాటరీల్లో నిండుగా ఉంటే 1240 చుట్టుపక్కల చూపిస్తుంది, మీ బ్యాటరీ కార్డు మీద ఉన్న అంకెతో పోల్చుకోండి. ఆరు గదులూ దగ్గరదగ్గరగా ఉండాలి. అయిదు 1240 దగ్గర ఉండి ఒకటి 1150లో ఆగిపోతే ఆ ఒక్క గదే బ్యాటరీ మొత్తాన్ని కిందికి లాగుతోందని అర్థం. ఎన్ని నీళ్ళు పోసినా, ఎంత చార్జ్ చేసినా బాగుపడదు. గ్యారంటీలో ఉంటే ఆ అంకెలు రాసుకుని తీసుకెళ్ళండి, షాపులో మాట్లాడటానికి బలం ఉంటుంది. యాసిడ్ బొట్టు కంట్లో పడితే ధారగా నీళ్ళతో కడిగి ఆసుపత్రికి పోవాలి. అందుకని కళ్ళద్దాలు పెట్టుకునే చూడండి.

ఇప్పుడు అందరూ మర్చిపోయే సంగతి. రెండు రాత్రులు వాడి బ్యాటరీ దిగిపోయాక మూడో రోజు కూడా కరెంటు రాకపోతే? ఎన్ని బ్యాటరీలున్నా చార్జ్ చేసే దారి లేకపోతే బరువే. 150 ఏహెచ్‌ది నిండటానికి 15 ఆంపియర్ల చార్జరుతో పది పన్నెండు గంటలు పడుతుంది. మధ్యలో రెండు గంటలు కరెంటు వచ్చి పోతే నిండేది అయిదో వంతు కూడా కాదు.

మేడ మీద సోలార్ పెట్టుకున్నాం కదా, మాకేం అంటారు కొందరు. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీతో పెట్టుకునేది ఆన్‌గ్రిడ్ సోలార్, అంటే వీధి కరెంటుతో కలిసి నడిచేది. వీధి కరెంటు పోతే అదీ ఆగిపోతుంది, మిట్టమధ్యాహ్నం ఎండ కాస్తున్నా సరే. తీగ మీద పనిచేసే లైన్‌మన్‌కు మీ ప్యానెల్ కరెంటు తగలకుండా అట్టా చేశారు. బ్యాటరీ కలిపిన హైబ్రిడ్ అయితేనే కోతలో వాడుకోవచ్చు. మీకు అంత అక్కర్లేదు. 12 వోల్టుల 160 వాట్ల ప్యానెల్ ఒకటి, చిన్న చార్జ్ కంట్రోలరు పెట్టి నేరుగా బ్యాటరీకి కలిపితే, ఎండ ఉన్న రోజు 600 వాట్ అవర్ల దాకా వస్తుంది. పైన చెప్పిన ఒక ఫ్యాను, రెండు బల్బుల రాత్రికి అది సరిపోవచ్చు. తుఫాను నడినెత్తిన ఉన్న రోజు మబ్బుల్లో పదో వంతు వచ్చినా గొప్పే. కానీ కరెంటు రాక మనం అల్లాడేది తుఫాను దాటి ఎండ కాసిన తర్వాతి రోజుల్లోనే ఎక్కువ. గాలికి ప్యానెల్ ఎగిరిపోకుండా నట్లు గట్టిగా ఉండాలి, హెచ్చరిక వస్తే విప్పి లోపల పెట్టుకోవడమే మంచిది.

మీ వైపు రొయ్యల చెరువులున్నాయి, ఏరియేటర్ల (చెరువు నీళ్ళలో గాలి కలిపే యంత్రాల) కోసం డీజిల్ జనరేటరు ఉన్నవాళ్ళు పక్కనే ఉంటారు. అక్కడ నాలుగు గంటలు ఇన్వర్టరు, బ్యాటరీ పెట్టి చార్జ్ చేసుకుంటే ఆ రాత్రి గడుస్తుంది. జనరేటరు కరెంటు ఊగుతుంటుంది కాబట్టి వైడ్ రేంజ్‌లోనే పెట్టండి. ఇంటికే చిన్న జనరేటరు తెచ్చుకుంటే బయట, కిటికీలకు దూరంగా నడపండి, ఆ పొగ గదిలో చేరితే నిద్రలోనే ప్రాణం పోతుంది. రెండు వైపులా పిన్నులున్న తీగ చేయించి జనరేటరు కరెంటును గోడ ప్లగ్గులోకి ఎక్కించే పద్ధతి కొన్ని ఊళ్ళలో ఉంది. అది చేయకండి. మెయిన్ దించడం మర్చిపోయారంటే ఆ కరెంటు మీ ట్రాన్స్‌ఫార్మర్‌లో ఎదురు తిరిగి 11 వేల వోల్టులై పైతీగకు ఎక్కుతుంది. ఆ సమయానికి స్తంభం మీద లైన్‌మన్ ఉంటాడు, మీ కరెంటు కోసమే ఎక్కి. జనరేటరుకు చేంజ్‌ఓవర్ స్విచ్, అంటే వీధి కరెంటు, జనరేటరు రెండింటిలో ఒక్కదాన్నే కలవనిచ్చే స్విచ్ ఉండాల్సిందే.

కొనేటప్పుడు బ్యాటరీ మీద కొట్టిన తయారీ నెల చూడండి. ఆరు నెలలు షాపులో కూర్చున్నది వద్దనండి. సీరియల్ నంబరు, తేదీ, స్టాంపు గ్యారంటీ కార్డు మీద మీ ముందే వేయించుకోండి. బిగించాక మొదటిసారి పూర్తిగా చార్జ్ అయ్యేదాకా లోడు వేయకండి. పాత బ్యాటరీ ఏదైనా ఇంట్లో ఉంటే పాత సామాన్ల బండికి వేయకుండా షాపులోనే ఇవ్వండి. అందులో సీసం ఉంది, ధరలో తగ్గిస్తారు. ఫ్రిజ్ ఏ రకమో, ఆర్‌సీసీబీ ఉందో లేదో రాస్తే ఇన్వర్టరు 900 చాలా, 1100 కావాలా అన్నది తేల్చి చెప్తాను.